తోచబోయేది – మూడు ప్రతులలో

జీడిపేట మండలానికి జాజ్ సంగీతం జూన్ నెలలో ఒక గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకి, టార్పాలిన్ కప్పిన లారీలో వచ్చింది. రావలసింది పదకొండింటికే గాని రైలు గేటు దగ్గర గూడ్సుబండి అడ్డం పడింది. మండలాఫీసు గుమస్తా లారీ చుట్టూ ఒకసారి తిరిగి, వచ్చింది యూరియా కాదని రూఢి చేసుకుని, బ్యాండు సన్యాసిరావుకి కబురు పెట్టాడు.

ఆ మండలంలో నోటితో ఊదే వస్తువు ఏదొచ్చినా దానికి సన్యాసిరావే దిక్కు మరి. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో క్లారినెట్ ఊదుతున్నాడు. సాయంత్రాలు తన బ్యాండు షెడ్డులో పదిహేనుమంది పిల్లల్ని పోగేసి ఊదడం, కొట్టడం నేర్పుతున్నాడు. మగపెళ్లివారు అడిగిన పాట, ఆడపెళ్లివారు అడిగిన పాట, తాగినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగిన పాట, అన్నీ వాయించాడు. "నీకేం తోస్తే అది వాయించవయ్యా" అని మాత్రం ఈ ముప్పై ఏళ్లలో ఒక్క పుణ్యాత్ముడూ అనలేదు.

లారీలో ఎనిమిది సాక్సోఫోన్లు ఉన్నాయి. 'ఇంటింటా జాజ్ – ఊరూరా ఊపు' అన్న బ్యానర్లు నలభై ఉన్నాయి. ఇదంతా యువజన జాజ్ వికాస సంస్థ వారి కార్యక్రమం. ఆ సంస్థ డైరెక్టరుగారు పదకొండు రోజుల విదేశీ అధ్యయన యాత్రకి వెళ్లినప్పుడు, అక్కడ ఏదో పేటలో కుర్రకారు జాజ్ వాయిస్తుంటే విన్నారట. ఈ సంగీతం పిల్లలకి స్వేచ్ఛ నేర్పుతుందని అక్కడెవరో చెప్పారట. డైరెక్టరుగారు చలించిపోయి, తిరిగొచ్చిన వారంలోనే, జూన్ ఒకటో తారీకు నుంచి స్వేచ్ఛని అన్ని మండలాల్లోనూ ఏకరీతిగా అమలు చెయ్యాలని ఉత్తర్వు ఇచ్చారు.

షరతు ఒక్కటే. సాక్సోఫోను అక్టోబరులో పరీక్ష అయ్యేదాకా అభ్యర్థి దగ్గర ఉంటుంది. పాసైతే మూడేళ్లు వాళ్లదే. తప్పితే మళ్లీ లారీ ఎక్కి రాజధాని గోడౌనుకి పోతుంది.

సన్యాసిరావు ఏడు సాక్సోఫోన్లు ఏడుగురు కుర్రాళ్లకి పంచి, ఎనిమిదోది నూకరత్నం చేతికిచ్చాడు. ఆ పిల్లకి పదిహేడేళ్లు, ఇంటర్మీడియట్ రెండో ఏడు. తల్లి గున్నమ్మ ఇంటి దగ్గర జీడిపిక్కలు కొడుతుంది. కాలేజీకి వెళ్లేముందు కూతురూ ఒక గంపెడు కొడుతుంది. అందుకని ఇద్దరి వేళ్లూ జీడినూనెకి నల్లబడిపోయి ఉంటాయి. ఆ నల్ల వేళ్లు మీటల మీద పెట్టి, మొదట్లో రెండుసార్లు బర్రెలా అరిపించి, మూడోసారి నూకరత్నం ఏదో ఊదింది. పొద్దుటి గూడ్సుబండి కూతే అది. కాకపోతే ఆ బండికి ఇల్లు గుర్తొచ్చి కూసినట్టుంది.

"ఎవలు నేర్పినారే నీకది?" అన్నాడు సన్యాసిరావు.

"ఎవలూ నేదు మాస్టారూ. అలా వచ్చీసింది."

ముప్పై ఏళ్లుగా తనని ఎవరూ అడగనిది ఈ గుంట అడక్కుండానే వాయించేసింది! ఆ సాక్సోఫోను మాత్రం మళ్లీ లారీ ఎక్కకూడదు అనుకున్నాడు సన్యాసిరావు. తన సొంత కూతురికి కూడా అంత గట్టిగా ఏదీ కోరుకోలేదు.

జులైలో శిక్షణ ఇవ్వడానికి డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశంగారు వేంచేశారు. సన్నటి మనిషి, చంకలో లావుపాటి ఫైలు. "తమరేం వాయిస్తారండి?" అని సన్యాసిరావు మర్యాదకి అడిగితే, "నేను వాయించను, అమలు చేస్తాను" అన్నారు.

బ్యాండు షెడ్డులో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఆయన ఉపన్యాసం అందుకున్నారు. "జాజ్ యొక్క ముఖ్య లక్షణం ఆశుస్వర కల్పన. అనగా, ముందుగా అనుకొనక, అప్పటికప్పుడు తోచినది వాయించుట. ఈ విషయంలో సంస్థ మిక్కిలి కఠినంగా ఉన్నది. తోచినది విడిచి వేరొకటి వాయించు అభ్యర్థులను ఉపేక్షించబోము."

సన్యాసిరావు ప్రాణం లేచొచ్చింది. ఆహా, ఇన్నాళ్లకి సర్కారుకి బుద్ధి పుట్టింది అనుకున్నాడు.

"అందుచేత, అభ్యర్థికి ఏమి తోచబోతున్నదో ఏడు దినములు ముందుగా, ఫారం తొమ్మిదిలో, మూడు ప్రతులలో సమర్పించి అనుమతి పొందవలెను."

"తోచబోయేది ముందే ఎలగ తెలుస్తాదండి బాబూ?"

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తెలియనిదానికి అనుమతి ఎలా ఇస్తామండీ? రేపు వేదిక మీద అనుమతి లేనిది తోచినచో బాధ్యులెవరు? మీరా? నేనా?"

అడిగిన తీరు చూస్తే అందులో న్యాయం ఉన్నట్టే ఉంది. సన్యాసిరావు ఫారం తొమ్మిది అందుకున్నాడు. 'తోచబోయేది' అని ఒక గడి. 'తోచు తేదీ, సమయము' అని ఇంకో గడి. 'ఇది ఇంతకు పూర్వము తోచియున్నదా? అవునన్నచో మరల తోచుటకు గల కారణము' అని ఒక పెద్ద గడి.

అక్కడితో ఆగినా బాగుండేది. "జాజ్‌లో కొన్ని స్వరములు ఉన్నచోటి నుండి కొంచెం దిగి పలుకుననియు, అందు దుఃఖము ఇమిడియుండుననియు నిపుణులు తెలిపియున్నారు" అన్నారు పరాంకుశంగారు. "దుఃఖము లేనివారు అట్టి స్వరములు వాయించుట సంస్థను మోసగించుటయే. కావున ప్రతి అభ్యర్థీ గ్రామ రెవెన్యూ అధికారి నుండి దుఃఖ ధ్రువీకరణ పత్రము తేవలెను."

మర్నాడు గున్నమ్మ కూతుర్ని వెంటపెట్టుకుని వీఆర్వో అప్పలస్వామి దగ్గరికి వెళ్లింది. ఏం మెలిక పెడతారో అని సన్యాసిరావూ తోడు వెళ్లాడు. అప్పలస్వామి మంచివాడే గాని దరఖాస్తు చూసి తల పట్టుకున్నాడు.

"కులం తెలుసు, ఆదాయం తెలుసు, నివాసం తెలుసు. ఇదేటమ్మా కొత్తగా? సరే, సెప్పు. ఏటి నీ కూతురి దుఃఖం?"

"ఏటని సెప్పేది బాబూ? తుపానుకి తోట పడిపోనాది. మొగుడు కూలికని దూరదేశం ఎలిపోయి ఆరేళ్లు, బతికున్నాడో నేదో తెలీదు. కళ్లు మసకేస్తన్నాయి, పిక్క బదులు ఏలు మీద కొట్టుకుంతన్నాను. ఈ గుంట సదువా..."

"ఆగాగు. ఒక్క గడే ఉంది. ఒకటే రాయాల."

"అయితే ఏది పెద్దదో మీరే సూసి రాయండి."

అప్పలస్వామి చాలాసేపు ఆలోచించాడు. తోట అని రాస్తే పంటనష్టం ఎంక్వైరీకి వస్తారు. మొగుడు అని రాస్తే పోయినట్టు కాగితం కావాలి, ఉన్నట్టయితే ఉన్నట్టు కాగితం కావాలి. కళ్లు అని రాస్తే డాక్టరు సంతకం. చివరికి 'సాధారణ దుఃఖం' అని రాసి, ముద్ర గుద్ది చేతిలో పెట్టాడు.

"ఆరు నెలలే సెల్లుతాది. జనవరితో అయిపోద్ది. ఆ తరవాత మళ్లీ వచ్చి రెన్యువల్ సేయించుకోవాల."

రైసుమిల్లు వాళ్లబ్బాయి కిరణ్‌కి ఎంత వెతికినా దుఃఖం దొరకలేదు. సంస్థ వారు పెద్దమనసు చేసుకుని అతనికి మినహాయింపు ఇచ్చారు.

మండల ప్రదర్శన ఆగస్టులో కాలేజీ మైదానంలో పెట్టారు. డైరెక్టరుగారు స్వయంగా వస్తున్నారంటే ఊరు ఊరంతా కదిలింది. జీడి కార్ఖానా ఆడవాళ్లు డైరెక్టరుగారికి స్వాగతం చెప్పడానికి పళ్లేలనిండా బంతిపూల రేకులు పట్టుకుని ముందు వరసల్లో కూర్చున్నారు. వేదిక మధ్యలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో శాలువా కప్పుకుని డైరెక్టరుగారు, పక్కదాంట్లో ఇంకో శాలువాలో పరాంకుశంగారు. వేదిక పక్కన సన్యాసిరావు బ్యాండు పిల్లలు డోళ్లు, తాషాలు వేసుకుని తాళానికి సిద్ధంగా నిలబడ్డారు.

నూకరత్నం ఫారం తొమ్మిది రెండుసార్లు తిరుగుటపాలో వచ్చి, మూడోసారికి గాని మంజూరు కాలేదు. నాలుగో పంక్తిలో తోచబోయేది మూడో పంక్తిలో తోచబోయేదాన్ని పోలి ఉందని ఒకసారి, ఇంకు రంగు బాగాలేదని ఒకసారి అభ్యంతరాలొచ్చాయి. స్వరాలన్నీ సన్యాసిరావే కూర్చుని రాశాడు. "దాంట్లో ఉన్నట్టు వాయించీయే తల్లీ. నీకు దండం పెడతాను, ఆ ఒక్కటీ సేసీ. సాక్సోఫోను నీ కాడ ఉండిపోతాది" అని నూరుసార్లు చెప్పి ఉంటాడు.

పిల్ల బుద్ధిగానే మొదలుపెట్టింది. పరాంకుశంగారు ఎడమచేత్తో మంజూరైన ప్రతి పట్టుకుని, పెన్సిలుతో ఒక్కో స్వరానికీ టిక్కు పెట్టుకుంటూ వెళుతున్నారు. మూడో పంక్తిలో ఉండగా గేటు దగ్గర గూడ్సుబండి ఆగి పెద్ద కూత పెట్టింది. నూకరత్నం ఊదడం ఆపి అటు చూసింది. ఒద్దే, ఒద్దే, కాగితం చూడవే అని సన్యాసిరావు లోపల్లోపల బతిమాలుకున్నాడు.

ఆ పిల్ల రైలుకి జవాబిచ్చింది. రైలు మళ్లీ కూసింది. ఈసారి పిల్ల ఇంకొంచెం కిందికి దిగి, ఇంకొంచెం సాగదీసి, ఏదో పాత తగువు తీర్చుకుంటున్నట్టు ఊదింది. ముందు వరసలో గున్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆరేళ్ల కిందట కూలికి వెళ్లిన మొగుడు బండెక్కింది ఆ గేటు దగ్గరే.

ఫారంలో లేనిది తోచేసింది! పరాంకుశంగారి పెన్సిలు కిందపడింది. ఆయన కుర్చీలోంచి లేచి, ఎడమచేతిలో కాగితాలు పట్టుకుని, కుడిచేతి చూపుడువేలు పైకెత్తి "ఆపండి!" అన్నారు.

పాపం, ఆయన ఎప్పుడూ పెళ్లి బ్యాండు వెంట తిరిగినవారు కాదు. ఆ డోలు పిల్లలు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నది ఒకటే. నలుగురి మధ్యా కూర్చున్న పెద్దమనిషి, చేతిలో కాగితాలతో, వేలు పైకెత్తాడంటే తాళి కట్టే వేళయినట్టే. ఏది వాయిస్తున్నా దాన్ని వదిలేసి గట్టిమేళం అందుకోవాలి. ఆ క్షణంలో తుమ్ముగాని, చెడ్డ మాటగాని ఎవరి చెవినా పడకూడదు. అంచేత నాలుగు డోళ్లు, మూడు తాషాలు ఒక్కసారిగా ఆకాశం బద్దలయ్యేలా మోగాయి. "ఆపండి" అన్న చెడ్డ మాట ఎవరి చెవినా పడలేదు.

గట్టిమేళం వినిపించాక ఆడవాళ్ల చేతులు ఊరుకుంటాయా? పళ్లేల్లోని బంతిరేకులన్నీ గుప్పిళ్లతో వేదిక మీది ఇద్దరి నెత్తినా కురిశాయి. ఒక ముసలామె కళ్లు తుడుచుకుంటూ "నూరేళ్లు సల్లగుండండి నాయనా" అని దీవించింది కూడాను. ఆ హోరు మీద సాక్సోఫోను తేలుతూ పోయి, రైలు కదిలిన చప్పుడుతో కలిసి ఆగిపోయింది.

సన్యాసిరావు అంతా అయిపోయిందనుకుని తల దించుకున్నాడు. అంతలో డైరెక్టరుగారు నెత్తిన రేకులతోనే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "అద్భుతం! నేను విదేశంలో విన్నది ఇదేనండీ! పరాంకుశం, వేలెత్తడం ఎవరి ఆలోచన?"

పరాంకుశంగారు తన వేలి వంక ఒకసారి చూసుకున్నారు. "సంస్థదేనండి" అన్నారు.

ఆ సాయంత్రం సన్యాసిరావు షెడ్డులో పిల్లలందరికీ జిలేబీలు పంచాడు. నూకరత్నానికి రెండు ఎక్కువ పెట్టాడు. డైరెక్టరుగారే మెచ్చుకున్నాక సాక్సోఫోను ఇక ఎక్కడికీ పోదు!

పదిహేను రోజులకి సర్క్యులర్ వచ్చింది. జీడిపేటలో తోచినదాన్ని 'ప్రామాణిక ఆశుస్వరం'గా సంస్థ ప్రకటించింది. ఇకపై అన్ని మండలాల అభ్యర్థులూ అప్పటికప్పుడు అదే తోచి వాయించాలి. పండితుల కమిటీ దాన్ని పద్నాలుగు పేజీల్లో స్వరపరిచింది. రైలు కూత లౌడ్‌స్పీకరులో వెయ్యాలి. రైలు మార్గం లేని మండలాల్లో బస్సు హారను వాడుకోవచ్చు. సరిగ్గా నాలుగు నిమిషాల పన్నెండో సెకనున గెజిటెడ్ హోదాకి తగ్గని అధికారి కుడిచేతి చూపుడువేలు ఎత్తాలి. బంతిరేకులు పావుకిలోకి మించరాదు. అరవై ఏళ్లు నిండిన ఒక స్త్రీ దీవించాలి. అక్టోబరు పరీక్ష దీనిమీదే.

సన్యాసిరావు పరాంకుశంగారికి ఫోను చేశాడు. "మా నూకరత్నానికి పరీక్షేటండి? అది వాయించినదే కదండి అందరూ వాయిస్తన్నారు!"

"స్వేచ్ఛ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదండీ. అయినా ఆమెదే కదా, ఆమెకు సులువే. అన్నట్టు మీ మండలానికి పరీక్షకులుగా మిమ్మల్నే నియమించాము. శుభాకాంక్షలు."

నూకరత్నం పద్నాలుగు పేజీలూ తిరగేసి బిత్తరపోయింది. "ఇది నానే వాయించినానా మాస్టారూ?"

"నువ్వేనే."

"నాకు గుర్తు నేదు."

గుర్తు లేకపోతే నేర్చుకోవాలి. మూడు వారాలపాటు సన్యాసిరావు ఆ పిల్లకి ఆ పిల్ల పాటే నేర్పాడు. తప్పు వాయించినప్పుడల్లా బెత్తంతో బల్ల మీద కొట్టాడు. కొట్టినప్పుడల్లా తన మీద తనకే రోత పుట్టింది. మిల్లు వాళ్ల కిరణ్ నాలుగు రోజుల్లో అంతా అప్పజెప్పేశాడు.

పరీక్ష రోజున బ్యాండు షెడ్డులోనే బల్ల వేశారు. కెమెరా పెట్టారు. సన్యాసిరావు బల్ల వెనక పద్నాలుగు పేజీలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గెజిటెడ్ వేలుగా పరాంకుశంగారు పక్కనే ఉన్నారు. ఏడుగురు కుర్రాళ్లు ఒకరి తరవాత ఒకరు రైలుకి అదే జవాబు ఇచ్చి, వేలెత్తగానే గట్టిమేళం వేయించుకుని, పావుకిలో పూలు చల్లించుకుని పాసయ్యారు.

నూకరత్నం ఎనిమిదోది. మొదటి పేజీ అచ్చు దించింది. రెండో పేజీ కూడా. సన్యాసిరావు టిక్కులు పెడుతున్నాడు. లౌడ్‌స్పీకరులో రైలు గరగరమని కూసింది. పిల్ల దాన్ని పట్టించుకోలేదు. అప్పుడే బయట వాన అందుకుంది. రేకుల కప్పు మీద మొదట నాలుగు చినుకులు, తరవాత నలభై. నూకరత్నం తలెత్తి కప్పు వంక చూసింది. అంతే. ఇక ఆ పిల్ల వానతో మాట్లాడుతూ ఎటో వెళ్లిపోయింది. నాలుగు నిమిషాల పన్నెండో సెకనున పరాంకుశంగారు వేలెత్తారు, గట్టిమేళం మోగింది, పూలు పడ్డాయి, దీవెన పడింది. ఆ పిల్ల వాటన్నిటి మధ్యలోంచి, ఇంతకుముందు ఎవరూ ఎక్కడా ఊదనిది ఊదుకుంటూ పోయింది. మొదటిదానికంటే నూరు రెట్లు బాగుంది. సన్యాసిరావు పెన్సిలు కదల్లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగి పేజీలు కనబడలేదు.

అయిపోయాక పిల్లని బయటికి తీసుకెళ్లి వానలోనే నిలదీశాడు. "ఏటే అలగ సేసీసినావు? పద్నాలుగు పేజీలూ వచ్చు కదే నీకు!"

"వచ్చు మాస్టారూ. ఆ రోజు నిజం రైలొచ్చింది. ఈవేళ వానొచ్చింది. నానేటి సేసీది?"

సన్యాసిరావు లోపలికొచ్చి మార్కులు వేశాడు. నూటికి ముప్పై అయిదొస్తే పాసు. మూడు లెక్కలు వేసినా ముప్పై ఒకటి దాటలేదు. నాలుగు కలుపుదామంటే కెమెరా ఉంది, పక్కన పరాంకుశంగారు ఉన్నారు. చివర 'అనుత్తీర్ణతకు కారణము' అని ఒక గడి ఉంది. అది చూసేసరికి ముప్పై ఏళ్ల కోపం ఒక్కసారి పొంగింది. చదివినవాళ్లకి సిగ్గు రావాలని, కలం గట్టిగా నొక్కి, 'అభ్యర్థి జాజ్ వాయించినది' అని రాసి సంతకం పెట్టాడు.

పరాంకుశంగారు అది చదివి, తల పంకించి, ఫైల్లో పెట్టుకున్నారు.

ఎనిమిదో రోజుకల్లా జవాబు వచ్చేసింది. ఆ సంస్థ నుంచి అంత తొందరగా జవాబు రావడం అదే మొదలు. 'తాము తెలిపిన కారణము సమంజసముగా ఉన్నందున ఆమోదించడమైనది. ఇట్టి కారణముచే అనుత్తీర్ణులగు అభ్యర్థులు ఇతర మండలములలోనూ ఉన్నట్లు తెలియవచ్చినందున, ఇకపై సదరు కారణమునకు ప్రత్యేక గడి ముద్రించుటకు ఆదేశములు జారీ చేయడమైనది. సాక్సోఫోన్ తక్షణము వాపసు చేయవలెను.'

నవంబరులో మళ్లీ ఒక గురువారం లారీ వచ్చింది. ఈసారి గేటు పడలేదు, పదకొండింటికే వచ్చేసింది. రిజిస్టరు పట్టుకున్న ఉద్యోగి సాక్సోఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు మీటల దగ్గర ఆగాడు. తెల్లటి మీటల మీద నల్లటి మరకలు. గుడ్డతో తుడిచాడు, పోలేదు. కిరసనాయిలు తెప్పించి రుద్దాడు, పోలేదు.

"ఏమిటివి?"

"జీడి మరక బాబూ" అంది గున్నమ్మ. "సచ్చినా పోదు."

అతను నిట్టూర్చి, 'వస్తువు స్థితి' అన్న గడిలో 'అభ్యర్థి వేళ్లు రెండు, తుడిచినను పోనివి' అని రాసుకున్నాడు. పెట్టె మూత పడింది. అప్పటిదాకా రాయిలా నిలబడ్డ నూకరత్నం సన్యాసిరావు భుజం మీద తల వాల్చి బావురుమంది. లారీ గేటు దాటి కనుమరుగైనా ఆ ఏడుపు ఆగలేదు. తప్పుపట్టడానికేం లేదు. వీఆర్వోగారి దుఃఖ పత్రం ప్రకారం ఆ పిల్లకి ఇంకా రెండు నెలల గడువుంది.